టిక్కెట్టు విహారములు

వేసవి సెలవులు సమీపించినదే తడవుగా మన పశ్చిమ ప్రాంతపు పట్టణములలో ఇంటింట నొక క్రొత్త యాలోచన సాగుచున్నది. మార్కాపురమున గాని, గిద్దలూరున గాని, కంభమున గాని, చేతిలో నాలుగు రూకలాడు గృహస్థుడు భార్యాబిడ్డలతో కూర్చుండి, ఈ యేడు ఎన్ని థీము పార్కులను చుట్టి రావలెనని లెక్క వేయుచున్నాడు. మొదటి దినము హైదరాబాదు వెలుపల రావిర్యాలలోని వండర్లా. రెండవ దినము రామోజీ ఫిలిం సిటీ. మూడవ దినము గండిపేట ప్రాంతమునందలి నీటియాటల తోట. సెలవు మిగిలినచో బెంగళూరు చేరి, బిడది వద్ద మరల వండర్లా. ఒకే సంస్థవారి జారుడుబండలను రెండు రాష్ట్రములలో ఎక్కి దిగివచ్చిన పిల్లవాడు లోకము చూచి వచ్చినవాడుగా బడిలో గణింపబడుచున్నాడు. ఎక్కనివాడు తల వంచుకొనుచున్నాడు. ఈ యాచారమును గూర్చి నిర్మొగమాటముగా మాటలాడవలసిన కాలము వచ్చినదని మేము తలంచుచున్నాము.

పిల్లల యాటపాటలకు మేము విరోధులము కాము. ఈ మాటను ముందుగనే చెప్పుకొనుట యవసరము. ఏలయన మార్కాపురమున ఈ మాటకు తక్కిన యూళ్లలో లేని బరువు కలదు. 1996 డిసెంబరు 10వ తేదీన సుప్రీముకోర్టువారు బాలకార్మికులను గూర్చి యిచ్చిన తీర్పులో, తొలుత చక్కదిద్దవలసిన పరిశ్రమలు తొమ్మిదింటిని పేర్కొనిరి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి, అలీగఢు తాళములు మొదలగువాని సరసనే మార్కాపురపు పలకల పరిశ్రమయు ఆ పట్టికకెక్కినది. దేశమందలి బడిపిల్లల చేతికి పలక నందించిన యూరిలోనే కొందరు పిల్లలు బడికి పోక పలకలు కోసిరి, చట్రములు బిగించిరి, ఆ రాతిదుమ్మునే పీల్చిరి. ఆనాటి పిల్లలే నేటి తండ్రులు. నాకు దక్కని యాట నా బిడ్డకు దక్కవలెనని అట్టి తండ్రి పట్టుపట్టినచో దానిని విలాసమని యెగతాళి చేయు హక్కు ఎవ్వరికిని లేదు. మాకు మొదలే లేదు.

అయితే ఆ తండ్రి కోరినదేమి, అతనికి అమ్మబడుచున్నదేమి? అతడు కోరినది బిడ్డతో గడుపు నాలుగు దినములు. అతనికి దొరకుచున్నవి నాలుగు ప్రవేశద్వారములు. ఒక దినము పార్కునకు పోయి వచ్చుట వేరు. సెలవు మొత్తమును పార్కుల వరుసగా కూర్చుకొనుట వేరు. మొదటిది వినోదము, దానిని మేము కాదనము. రెండవది వ్యాపారి వేసిన పథకము. దాని పుట్టుకను చూచినచో ఈ సంగతి తేటపడును. 1955 జూలైలో అమెరికాలోని ఆనహైము వద్ద నారింజతోటలుండిన నేలమీద వాల్ట్ డిస్నీ తన ఉద్యానమును తెరచెను. జనము ఒక పూట చూచి తమ దారిని తాము పోవుచుండిరి. పూటకూళ్ల లాభమును వస్తువుల లాభమును ఇరుగుపొరుగు వర్తకులు పంచుకొనుచుండిరి. ఆ లోపమును సవరించుటకే కాబోలు ఫ్లోరిడాలో 1971 మొదలు 1998 వరకు ఒకే యావరణమున ఒకదాని వెంట నొకటిగా నాలుగు పార్కులు నెలకొల్పబడినవి. వచ్చినవాడు నాలుగు దినములు కదలరాదు. తినుట, పండుకొనుట, కొనుట అన్నియు అచ్చటనే కావలెను. ఎన్ని పార్కులు చూడవలెనను ప్రశ్న యిట్లు వర్తకుని మనసులో పుట్టి, కుటుంబము నోట పలుకుచున్నది. అమెరికాలో స్థిరపడిన మన బిడ్డలు తలిదండ్రులను రప్పించుకొని మొట్టమొదట అచ్చటికే తీసికొనిపోవుదురు. ఆ ఛాయాచిత్రములు మన వీథులకు వచ్చును. అంతట మార్కాపురమునకును నాలుగు పార్కుల సెలవు కావలసివచ్చును.

సకుటుంబముగా పోవుచున్నామందురు. ద్వారము దాటిన తరువాత ఆ కుటుంబమేమగుచున్నదో చూతము. ఇట్టి పార్కులలో పెక్కింట పిల్లను నిలువబెట్టి యెత్తు కొలిచి టిక్కెట్టు నిర్ణయింతురు. యెత్తు చాలని చిన్నదానికి పెద్ద ఆటలు లేవు. కాబట్టి తల్లి దానితో ఒక ప్రక్క, తండ్రి పెద్దవానితో మఱియొక ప్రక్క. రక్తపుపోటున్నవారు, గుండెజబ్బువారు, గర్భిణులు ఎక్కరాదని పలకమీద వ్రాసియుండును. అది న్యాయమే. నీటియాటలకు నూలుబట్టలు పనికిరావు, నైలాను వస్త్రము కొనవలెను, లేదా అద్దెకు తీసికొనవలెను. చీర కట్టుకొని వచ్చిన ముసలమ్మ సామానుల దగ్గర కూర్చుండును. ఆమె తెల్లవారుజామున లేచి కట్టిన పులిహోర మూట ద్వారము కడనే నిలిచిపోవును, వెలుపలి యాహారము లోనికి రాకూడదు గనుక. ఇంటిల్లిపాదిని ఒక్కచోట చేర్చుటకై తలపెట్టిన సెలవు యెత్తును బట్టియు వయసును బట్టియు బట్టను బట్టియు వారిని నాలుగు చెరగులకు విడదీసి, సాయంకాలమున ద్వారముకడ మరల అప్పగించును. మాకు తెలిసినంతలో తిరునాళ్ల రంగులరాట్నము ముసలమ్మ నెన్నడును వెలివేయలేదు. ఆమె యెక్కకపోయినను రాట్నము ప్రక్కనే నిలిచి మనుమనికి చేయి యూపెడిది.

వరుసను గూర్చి యొక మాట. ఎక్కువ రుసుము చెల్లించినవారికి వరుస తప్పించి ముందుకు పంపు టిక్కెట్టొకటి యిట్టి పార్కులలో అమ్ముచున్నారు. ఎండలో ముప్పావుగంట నిలిచిన పిల్ల, తన తరువాత వచ్చినవాడు తనకన్న ముందు ఎక్కుట కన్నులార చూచి, తండ్రి మొగము వంక చూచును. ఆ చూపునకు తండ్రి రెండు విధములుగా బదులు చెప్పగలడు: మనకు అంత స్తోమతు లేదనుట యొకటి, మరునాడు ఆ టిక్కెట్టు కొనుట యింకొకటి. రెండింటిలోను పిల్ల నేర్చుకొను పాఠమొక్కటే. దైవసన్నిధిని సైతము మూడు నూర్ల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనము లేదా యని మమ్ము ఎదురు ప్రశ్నించువారుందురు. ఉన్నది. అది యున్నంత మాత్రమున ఇది మంచిదగునా? వీథిలో రెండు గోతులున్నచో రెండవదానిని పూడ్చనక్కరలేదనుట వంటిదీ వాదము.

ఇక లెక్క. పెద్ద పార్కులలో తలకు టిక్కెట్టు వేయి రూపాయలు దాటినది. అయిదుగురున్న కుటుంబము నాలుగు పార్కులు చూచినచో ఇరువది టిక్కెట్లు. తక్కువలో తక్కువ ఇరువది వేల రూపాయలు ద్వారములకే చెల్లును. బస, బస్సు, తిండి, నైలాను, బొమ్మ టోపీలు, జారుచుండగా యంత్రము తీసిన ఛాయాచిత్రము, ఇవి యన్నియు దానిమీద. ఉద్యోగికి ఇది భారమే. కంది, ప్రత్తి, మిరప వేసి వానకై ఆకాశము చూచు రైతునకు ఇది అప్పు. అప్పు చేసి పప్పుకూడు తినవలదని చెప్పిన పెద్దలు మంచిదే చెప్పిరి గాని, ఈ కాలమున అప్పు అప్పువలె రాదు. పన్నెండు నెలల వాయిదాలై, చరవాణిలో నొక బొత్తాము నొక్కినంతనే చేతికి వచ్చును. జారుడుబండ యెక్కి దిగుటకు నిమేషము చాలును. వాయిదా మరుసటి వేసవి వరకు నడచును.

పెట్టుబడి యెక్కడిదని పార్కుల నడుగు అలవాటు మనకు లేదు. అడిగియుండవలసినదని తెలుపు నిదర్శనము మన రాష్ట్రముననే యున్నది. విజయవాడ గుంటూరుల నడుమ చినకాకాని వద్ద హాయ్‌లాండ్ అను క్రీడోద్యానము వెలసినది. మన ప్రాంతమునుండియు జనము పోయి ఆడివచ్చిరి. అది అగ్రిగోల్డు సంస్థల సముదాయమునకు చెందినది. ఆ సముదాయము 32 లక్షల ఖాతాలనుండి 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసి తిరిగి యీయలేదని ఎన్‌ఫోర్సుమెంటు డైరెక్టరేటువారి యభియోగము. 2020 డిసెంబరులో వారు 4,109 కోట్ల విలువగల యాస్తులను జప్తు చేసినప్పుడు ఆ పట్టికలో ఈ యుద్యానమును కలదు. నేరమెవరిదో న్యాయస్థానములు తేల్చవలసినది. కాని డబ్బు కట్టినవారెవరో మనకు తెలియును. కూలి చేసికొనువారు, చిల్లరకొట్లవారు, ఆడపిల్ల పెండ్లికని దాచుకొన్న తల్లులు. 2019లో పదివేల రూపాయల లోపు, 2021లో ఇరువదివేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వము ఖజానానుండి చెల్లించినది. అనగా ప్రజల సొమ్మునకు ప్రజల సొమ్మే పూచీపడినది. పల్లెలో నెలనెల సొమ్ము కట్టిన యిల్లాలు ఆ యలల కొలనులో కాలైన పెట్టియుండదు.

మార్కాపురమునుండి హైదరాబాదు పోవు రాత్రి బస్సు ఎఱ్ఱగొండపాలెము, మాచర్లల మీదుగా నడచును. నడిరేయి కృష్ణను దాటునప్పుడు ప్రక్కనే నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాలు నెహ్రూగారు పునాదిరాయి వేసిన రాతి యానకట్ట అది. వేలాది కూలీలు తలమీద రాయి మోసి కట్టినది. ఆ నీటిక్రింద ఇక్ష్వాకుల విజయపురి మునిగియున్నది. మునుగకముందు పురావస్తుశాఖవారు ఆరేండ్లు త్రవ్వి, దొరకిన విహారములను స్తూపములను అనుపు వద్దకును, నాగార్జునకొండమీదికిని తరలించిరి. నీటినడిమి కొండమీదనే ప్రదర్శనశాల కలదు, పడవలో పోవలెను. ఇంతటి వింతను పిల్లలు నిద్రలో దాటిపోయి, తెల్లవారి రావిర్యాలలో సిమెంటుతో పోసిన కొండను చూచి ఆశ్చర్యపడుచున్నారు. తండ్రియు నిద్రలోనే యున్నాడు గనుక వారిని లేపువారు లేరు.

ఇంతకన్న చిత్రమైన సంగతి గండిపేటలో నున్నది. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసినప్పుడు నిజాము ప్రభుత్వము సలహాకై పిలిపించుకొన్నది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని. ఆయన సూచనల ఫలముగా కట్టబడి 1920లో పూర్తియైనది ఉస్మాన్‌సాగరము, అనగా గండిపేట చెరువు. ఆయన యింటిపేరు మన బేస్తవారిపేట మండలమునందలి మోక్షగుండము గ్రామమునుండి పోయినది. ఆయన పూర్వులు ఆ యూరివారు. మన పిల్లలు మన యూరిపేరు మోసిన ఇంజనీయరు తలపెట్టిన జలాశయపు ప్రాంతమునకే పోయి, టిక్కెట్టు కొని తొట్టినీటిలో ఆడి వచ్చుచున్నారు. ఆ పేరును వారికి చెప్పినవారు లేరు. ఆయన యుద్యోగించిన మైసూరు సీమలో కృష్ణరాజసాగరము మొదట వచ్చినది, దాని క్రింద దివాను మీర్జా ఇస్మాయిలుగారి శ్రద్ధవలన బృందావనోద్యానము వచ్చినది. పొలమునకు నీరు, ఆ తరువాత కన్నులకు పండుగ. అది వరుస.

మనకు ఆ వరుస తిరుగబడినది. నీటికై మన ప్రాంతము పడిన పాట్లు చెప్పవలసిన పని లేదు. భూగర్భజలములోని ఫ్లోరైడు కనిగిరి, పొదిలి ప్రాంతములలో ఎందరి యెముకలను వంచినదో ఎల్లరెరుగుదురు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. రామోజీ ఫిలిం సిటీ వెలసినదియు ఆ 1996వ సంవత్సరముననే. పలకల పరిశ్రమను పేర్కొన్న సుప్రీముకోర్టు తీర్పును ఆ యేటిదే. సినిమా నగరము కట్టబడి, పెరిగి, ప్రపంచమున కెల్ల పెద్దదని గిన్నిసు పుస్తకమున కెక్కినది. కృష్ణ వరదనీటిని కొల్లంవాగు నుండి నల్లమల కొండల క్రిందుగా తెచ్చు రెండు సొరంగములలో మొదటిది త్రవ్వి ముగించుటకు 2021 జనవరి, రెండవదానికి 2024 జనవరి రావలసివచ్చినది. 2024 మార్చి 6వ తేదీన ప్రాజెక్టును జాతికి అంకితము చేసిరి. ఆ దినమున నీరు పారలేదు, ముంపు గ్రామములవారి పునరావాసము తీరలేదు. 4 లక్షల 47 వేల యెకరములకు సాగునీరు, 15 లక్షలకు పైబడిన జనమునకు త్రాగునీరు ఈయవలసిన పథకమిది. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ నేడు బిడ్డలతండ్రియై అలల కొలనునకు టిక్కెట్లు కొనుచున్నాడు. పార్కులవారు నీటిని వడపోసి మరల మరల వాడుదుమని చెప్పుచున్నారు. ఆ మాటను మేము శంకింపము. వారి తొట్టిలోని నీరు మన కాలువది కాదు. మన మనసులోని కోరిక మాత్రము అటు మళ్లినది. నీరనగా ఊరు అడిగి తెచ్చుకొనవలసిన హక్కు అను భావము పోయి, డబ్బిచ్చి ఒక పగలు అనుభవింపవలసిన సుఖమను భావము పిల్లలలో కుదురుకొనుచున్నది. మేము భయపడుచున్నది దీనికి.

ఆ సొరంగములు ఒక్కొక్కటి పదునెనిమిది కిలోమీటర్లకు పైబడిన పొడవు గలవి. గొట్టములోనుండి జారుటకు పిల్లలు అంత ముచ్చటపడుదురు గదా, మన యూరి కొండ కడుపులో త్రవ్విన ఈ గొట్టపు నోటిని దూరమునుండి యైన చూపింపుడు. యంత్రము రాతిని ఎట్లు నమలినదో, మట్టి యెట్లు బయటికి వచ్చినదో, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద మూడు కనుమలను మూసినంత మాత్రమున కొండల నడుమ నల్లమల సాగరమను జలాశయము ఎట్లేర్పడునో ఇంజనీయర్లు చెప్పగా వినుటకన్న పదేండ్ల పిల్లవానికి గొప్ప కథ యేది?

పెరటిచెట్టు మందునకు రాదను సామెత మన విషయమున పూర్తిగా నిజమైనది. పార్కులో సిమెంటు గుహయున్నచో వరుసలో నిలిచి చూతుము. చంద్రశేఖరపురము మండలమున భైరవకోనలో కొండరాతిని తొలిచిన ఎనిమిది శివాలయములున్నవి, ప్రక్కనే జలపాతమున్నది; కార్తికమాసమున తప్ప తలంపునకు రాదు. పార్కులో తొట్టిని సముద్రమందుము. కంభమున రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుగా కట్టిన చెరువు అయిదు శతాబ్దములనాటిది. గజపతుల యాడపడుచు వరదరాజమ్మ కట్టించెనని చెప్పుకొందురు. 2020లో అంతర్జాతీయ సేద్యపు సంఘమువారు దానిని వారసత్వ కట్టడముగా గుర్తించిరి. ఆ కట్టమీద సాయంకాలము నడచుటకు టిక్కెట్టు లేదు, యెత్తు కొలువరు, ముసలమ్మ పులిహోర మూట విప్పవచ్చును. పార్కులో రబ్బరుపులి గర్జించును. దోర్నాల దాటినంతనే దేశమందలి పులుల యభయారణ్యములలో నెల్ల పెద్దది మన గుమ్మము ముందే యున్నది. తుమ్మలబైలు వద్ద అటవీశాఖవారి బండ్లు కలవు. అయితే చెంచుగూడెములకు పోయి మనుష్యులను కూడ వింతగా చూచి వచ్చు యాత్రలను మాత్రము మేము కోరము; అది సిమెంటు గుహకన్న హీనము.

ఈ మాటలు విని, మే నెలలో నిప్పులు చెరుగు ఎండలో పిల్లలను కొండలకు త్రిప్పుమందురా యని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణలో న్యాయమున్నది. వేసవిలో ఆ పని చేయుమని మేము చెప్పము. వేసవిలో ఒక దినము నీటితోటకు పోయి రండు. ఒక దినము చాలును. దసరా, సంక్రాంతి సెలవులున్నవి. జూలై మొదలు మూసియుంచిన అడవిదారులు అక్టోబరులో తెరతురు. వాన కురిసిన యేడు నల్లమల అప్పుడు పచ్చగా నుండును, చెరువు నిండియుండును.

రెండవ యాక్షేపణ ఇంకను గట్టిది. ఆ చోట్లకు పోవుటకు బండి యేది, పోయిన తరువాత నీడ యేది, ఆడవారికి మరుగుదొడ్డి యేదియని గృహిణులు అడుగుచున్నారు. దీనికి సంసారులు బదులు చెప్పనక్కరలేదు, ప్రభుత్వము చెప్పవలెను. పార్కువాడు టిక్కెట్టు సొమ్మునకు ప్రతిగా శుభ్రమైన గదిని, త్రాగునీటిని, దారి చూపు మనిషిని ఉంచినాడు. అది ఘనకార్యమేమియు కాదు. కాని పన్నుల సొమ్మునకు ప్రతిగా ఆ మాత్రమును మనకు చేయనివారి ముందు అది ఘనకార్యమువలె కనబడుచున్నది. పర్యాటకశాఖ పత్రములలో భైరవకోన బొమ్మ అందముగనే యుండును. ఆ బొమ్మ చూచి బయలుదేరిన కుటుంబమును అచ్చటికి చేర్చు బస్సు ఏ వేళకు కదలునో ఆ పత్రములోనే అచ్చు వేయవలెను.

బడులను గూర్చియు చెప్పవలసియున్నది. విజ్ఞానయాత్ర యని తలిదండ్రులవద్ద రుసుము పుచ్చుకొని పిల్లలను బస్సులలో ఎక్కించి తిన్నగా పార్కు ద్వారమున దింపు పాఠశాలలు కలవు. ఆటకు పోవుచున్నామని చెప్పి ఆటకు తీసికొనిపోయినచో మాకు చిక్కు లేదు. విజ్ఞానమను మాటను మాత్రము అచ్చట వాడకుందురు గాక. మార్కాపురపు పలకగనిని, చెన్నకేశవస్వామి యాలయ శిల్పమును, త్రిపురాంతకపు శాసనములను చూడక పదవ తరగతి దాటిన పిల్లలు ఈ పట్టణమున ఎందరున్నారో ఉపాధ్యాయులు తమ తరగతిలో చేతులెత్తించి చూచుకొనవచ్చును.

దసరా సెలవులలో మార్కాపురము, గిద్దలూరు డిపోలనుండి కంభము చెరువునకును, భైరవకోనకును పగటిపూట పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు బస్సులు నడుపవలెనని, వాని వేళలను నెలదినములకు ముందే ప్రకటింపవలెనని రవాణాసంస్థవారిని కోరుచున్నాము. రెండు చోట్లను మరుగుదొడ్లు, త్రాగునీరు ఆ లోపల సిద్ధము కావలెను. వెలిగొండ సొరంగపు ముఖమును నెలకొక దినము బడిపిల్లలకు చూపుటకు నీటిపారుదలశాఖవారు అనుమతి నీయవలెను. బస్సులు ఖాళీగా తిరిగివచ్చినచో ఆ నష్టమునకు మమ్ము బాధ్యులను చేసి అడుగవచ్చును.